గడియారాల సేల్స్‌మన్‌లు గూగుల్‌లో: ‘ది ఇంటర్న్‌షిప్’ చిత్ర సమీక్ష

నలభై దాటాక ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడి, తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్ల దగ్గర పని నేర్చుకోవలసి రావడంలో ఎంత హాస్యం ఉందో అంత అవమానమూ ఉంది. షాన్ లెవీ దర్శకత్వంలో 2013 జూన్‌లో అమెరికాలో విడుదలైన ‘ది ఇంటర్న్‌షిప్’ ఈ రెండింటిలో మొదటిదాన్ని ఒడుపుగా పట్టుకుంది. రెండోదాన్ని మాత్రం ఒకటి రెండు చోట్ల తాకీ తాకనట్టు తాకి వదిలేసింది. రెండు గంటలకు ఒక్క నిమిషం తక్కువ నిడివి గల ఈ చిత్రం చాలాచోట్ల మనసారా నవ్విస్తుంది. కానీ ఆ ఇద్దరు కథానాయకులు అక్కడికి వెళ్లి కొత్తగా నేర్చుకున్నదేమిటని అడిగితే, చిత్రం దగ్గర చెప్పుకోదగిన సమాధానం లేదు.

విన్స్ వాన్ పోషించిన బిల్లీ, ఓవెన్ విల్సన్ పోషించిన నిక్ చేతి గడియారాలు అమ్మే సేల్స్‌మన్‌లు. పాత ఖాతాదారును భోజనానికి పిలిచి, అతని కుటుంబం యోగక్షేమాలు అడుగుతూ మెల్లగా బేరంలోకి దింపబోతుండగా, మీ కంపెనీ మూతపడిందన్న సంగతి ఆ ఖాతాదారు నోటి నుంచే వింటారు. తమ ఉద్యోగం పోయిన కబురు తమకంటే ముందు కొనుగోలుదారుకు తెలియడం అనే ఈ చిన్న ఘట్టం చిత్రంలోని మంచి ఆలోచనల్లో ఒకటి. ఆ తర్వాత జాన్ గుడ్‌మన్ పోషించిన యజమాని, ఈ రోజుల్లో టైము చూసుకోవడానికి అందరూ ఫోను తీస్తున్నారు కదా, ఇక గడియారం ఎవరికి కావాలని మొహం మీదే చెప్పేస్తాడు. (ఆ ఫోన్ల కంపెనీలే మరో రెండేళ్లలో మనుషుల మణికట్టుకు మళ్లీ గడియారం తొడిగించడానికి పోటీపడతాయని పాపం ఆయనకు తెలియదు.) బిల్లీ ఇల్లు బ్యాంకు స్వాధీనమవుతుంది, ప్రేయసి వెళ్లిపోతుంది, నిక్ పరుపుల దుకాణంలో పనికి కుదురుతాడు. ఈ కష్టాలన్నీ పదిహేను నిమిషాల లోపే ముగించి కథ గూగుల్ వైపు పరుగు తీస్తుంది. ఆ తొందర వల్ల తర్వాత ఎంత నష్టం జరిగిందో ద్వితీయార్ధంలో తెలిసివస్తుంది.

గూగుల్‌లో ఇంటర్న్‌షిప్‌కు, అంటే పని నేర్చుకుంటూ చేసే తాత్కాలిక ఉద్యోగానికి, విద్యార్థులై ఉండాలి కనుక, ఇద్దరూ ఆన్‌లైన్ చదువులకు పేరున్న యూనివర్సిటీ ఆఫ్ ఫీనిక్స్‌లో నమోదు చేసుకుంటారు. ఇంటర్వ్యూకు ఇంట్లో సదుపాయం లేక పబ్లిక్ లైబ్రరీలోని కంప్యూటర్ ముందు పక్కపక్కన కూర్చుంటారు. అవతలి తెర మీదున్న యువ ఉద్యోగులు అడిగే ప్రశ్న, గూగుల్ ఇంటర్వ్యూల గురించి చాలాకాలం ప్రచారంలో ఉన్నదే: మిమ్మల్ని ఐదు సెంట్ల నాణెమంత చేసి బ్లెండర్‌లో పడేశారనుకోండి, ఏం చేస్తారు? భౌతికశాస్త్రం తెలిసిన అభ్యర్థి కండరాల బలానికీ శరీర బరువుకూ ఉన్న నిష్పత్తి లెక్క కట్టి, గెంతి బయటపడతానని చెప్పాలి. మన సేల్స్‌మన్‌లకు ఆ లెక్క రాదు. బ్లేడు కింద పడుకుంటామంటారు. ఆగకుండా తిరిగే బ్లెండరంటూ లేదని, వాటిని అమ్మిన అనుభవంతో చెబుతారు. బయటపడ్డాక అంత చిన్న మనుషులతో ఎన్ని పనులు చేయించుకోవచ్చో, కళ్లద్దాల మరలు బిగించడం దగ్గర నుంచి ఒక్కొక్కటే ఏకరువు పెడతారు. అడిగిన ప్రశ్న గాలికి పోతుంది, బేరం మాత్రం సాగిపోతూ ఉంటుంది. వాన్ ఊపిరి తీసుకోకుండా మాట్లాడే తీరు, అతను తడబడిన ప్రతిచోటా విల్సన్ అందుకుని నెమ్మదిగా సర్దుబాటు చేసే తీరు ఈ దృశ్యంలో చూసినంత బాగా మరెక్కడా కుదరలేదు. తమాషా ఏమిటంటే, గూగుల్‌లో నియామకాలను చూసే విభాగాధిపతిగా ఉన్న లాస్లో బాక్ సరిగ్గా అదే జూన్ నెలలో న్యూయార్క్ టైమ్స్‌తో మాట్లాడుతూ, ఇలాంటి పొడుపుకథల ప్రశ్నలు అభ్యర్థి పనితనం గురించి ఏమీ తెలియజేయవనీ, అవి శుద్ధ కాలయాపన అనీ తేల్చి చెప్పారు. చిత్రం వేళాకోళం చేసిన పద్ధతిని ఆ సంస్థ పెద్దలే అప్పటికి తోసిపుచ్చారన్నమాట.

చిత్రం ఇక్కడిదాకా నడిచింది మాటకారితనం మీద. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న నమ్మకంతో బతికిన ఇద్దరు, నోటికంటే వేళ్లు ఎక్కువ పనిచేసే చోటికి వచ్చి పడ్డారు. సేల్స్‌మన్ మాట కొత్త చోట ఎందుకూ కొరగాకుండా పోయినప్పుడు హాస్యం దానంతటదే పుడుతుంది. దాన్ని నమ్ముకోకుండా రచయితలు మరో తేలిక దారి పట్టారు. ఈ ఇద్దరికీ కంప్యూటరంటే ఏమిటో బొత్తిగా తెలియదన్నట్టు చూపించడం మొదలుపెట్టారు. బిల్లీ ‘ఆన్‌లైన్’ అనవలసిన చోటల్లా ‘ఆన్ ది లైన్’ అంటాడు, కుర్రవాళ్లు సరిదిద్దుతారు, మళ్లీ అలాగే అంటాడు. మొదటిసారి నవ్వు వస్తుంది, నాలుగోసారికి బాధ మిగులుతుంది.

ఈ అజ్ఞానం నమ్మదగింది కాదు. విడుదలయ్యేనాటికి వాన్‌కు 43 ఏళ్లు, విల్సన్‌కు 44 ఏళ్లు. ఇంటర్నెట్ అమెరికా ఇళ్లలోకి ప్రవేశించిన 1990ల నడిమి కాలంలో ఈ వయసు వాళ్లు పాతికేళ్ల కుర్రవాళ్లు. గూగుల్ సంస్థ 1998లో పుట్టేనాటికి ఇంకా ముప్పై పూర్తిగా దాటనివాళ్లు. ఆ తరమే ఈమెయిల్‌ను ఆఫీసు పనిలోకి తెచ్చింది, ఆ తరం సేల్స్‌మన్‌లే ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని ఊళ్లు తిరిగారు. 2013లో నలభై నాలుగేళ్ల మనిషి ఎదుర్కొనే కష్టం ఇంటర్నెట్ తెలియకపోవడం కాదు. తాను ఇరవై ఏళ్లుగా నేర్చినదానికి విలువ తగ్గిపోవడం, తనను ప్రశ్నించేవాడు తన జీవిత విశేషాల పత్రంలో మొదటి రెండు పంక్తులే చదివి పక్కన పెట్టడం, ఇంటి అప్పు వాయిదాలు కుర్రవాడి జీతంతో తీరకపోవడం. ఇవి కూడా హాస్యానికి ఏ మాత్రం తక్కువైన సరుకు కావు. వాటి జోలికి వెళ్లడానికి ధైర్యం చాలలేదేమో గాని, రచయితలు నడివయసును ముసలితనంగా మార్చి పని కానిచ్చుకున్నారు. ఆ రచయితల్లో వాన్ కూడా ఒకరు కావడం విచిత్రం. కథ ఆయనదే, స్క్రీన్‌ప్లేను జారెడ్ స్టెర్న్‌తో కలిసి రాశారు.

గూగుల్ ఆవరణలో కథ పోటీల వరుసగా మారిపోతుంది. ఇంటర్న్‌లు జట్లుగా విడిపోయి పోటీపడాలి. చివరికి గెలిచిన జట్టుకే ఉద్యోగాలు. ఇది కథ కోసం కల్పించుకున్న ఏర్పాటే తప్ప, అక్కడి ఇంటర్న్‌షిప్‌లు ఇలా ఓడినవాళ్లను ఇంటికి పంపే ఆటలు కావు. ఎవరూ ఏరుకోని ముగ్గురు మిగిలిపోతారు, వాళ్లూ వాళ్లకు నాయకుడిగా వచ్చిన ఒక ఉద్యోగీ బిల్లీ, నిక్‌ల జట్టులో పడతారు. ఫోను నుంచి తల ఎత్తని స్టువర్ట్. పైకి అన్నీ తెలిసినదానిలా మాట్లాడి, లోపల ఏ అనుభవమూ లేని నేహా. జట్టు నాయకుడై ఉండి కుర్రకారు యాస కోసం తెగ తాపత్రయపడే లైల్. తల్లి కట్టుబాటులో ఇంట్లోనే చదువుకుని పెరిగి, తప్పు చేశాననుకున్న ప్రతిసారీ తన కనుబొమ్మ వెంట్రుకను తానే పీక్కునే యోయో. ఈ కనుబొమ్మ వెంట్రుక సంగతి దర్శకుడు రెండు మూడుసార్లు దగ్గర నుంచి చూపిస్తాడు. మొదట వింతగా కనిపించే ఆ అలవాటు, తల్లి ఎలాంటి మనిషో తెలిశాక వేరే రకంగా కనిపిస్తుంది. టోబిట్ రాఫెల్ ఆ పాత్రలో మాటలకంటే మెడ వంపుతోనే ఎక్కువ నటించాడు. ఎదుటి జట్టు నాయకుడు గ్రాహమ్ మాత్రం అట్టముక్కతో కత్తిరించిన విలన్. అతని గురించి చెప్పడానికి మరేమీ లేదు.

యువతరం పట్ల చిత్రం చూపిన దయ, నడివయసు వారి పట్ల చూపినదానికంటే నిజాయితీగా ఉంది. డిగ్రీ చేతికొచ్చినంత మాత్రాన ఉద్యోగం వస్తుందన్న భరోసా మా కాలంలో లేదని ఆ పిల్లలు ఒకచోట పెద్దవాళ్లకు చెబుతారు. 2008 ఆర్థిక మాంద్యం నీడలో కళాశాల చదువు ముగించిన తరం మాట అది. ఆశావాదాన్ని అమ్మడం అలవాటైన బిల్లీ దగ్గర దానికి వెంటనే జవాబు ఉండదు. యజమాని గది తలుపుకు ఇవతల రెండు తరాలూ ఒకే బెంచీ మీద కూర్చున్నాయన్న స్పృహ ఆ కాసేపు చిత్రంలో వెలుగుతుంది. తర్వాత అందరూ శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లి తాగి, నైట్‌క్లబ్‌లో గొడవ పడి, తెల్లవారేసరికి ఒక్కటైపోతారు. ఆ నైట్‌క్లబ్ ఘట్టం ఉండవలసినదానికి రెండింతలు ఉంది. అక్కడ లైల్ తాగి చేసిన ఆగం నుంచే, మత్తులో ఉన్నవాడు ఎవరికి పడితే వారికి ఫోను చేయకుండా ఆపే యాప్ ఆలోచన పుట్టి, యాప్ పోటీలో జట్టును గెలిపిస్తుంది. ఆలోచన బాగుంది. అయితే దాన్ని తయారుచేసింది కుర్రవాళ్లు. పెద్దవాళ్లు చేసింది వాళ్లను బార్‌కు తీసుకెళ్లడం.

అంతకు ముందు, కోడ్‌లో తప్పు వెతికే పోటీలో అడ్డు రాకుండా ఉంటారని ఈ ఇద్దరినీ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి పంపించి, కామిక్ పుస్తకాల్లో తప్ప ఎక్కడా లేని ప్రొఫెసర్‌ను వెతికిస్తారు. ఆట పట్టించారని తెలిసి తిరిగొచ్చినప్పుడు వాళ్ల మొహాల్లో ఒక్క క్షణం నిజమైన నొప్పి కనిపిస్తుంది. నేను మొదట్లో అన్న అవమానం అదే. కెమెరా అక్కడ మరో పది క్షణాలు నిలిచి ఉంటే బాగుండేది. నిలవలేదు, హ్యారీ పాటర్ కథల్లోని ఆట అయిన క్విడిచ్ మైదానంలోకి దూకింది. చీపురు కర్రలు కాళ్ల మధ్య పెట్టుకుని పరుగెత్తే ఆ ఆటలో, విరామ సమయంలో బిల్లీ జట్టును లేపడానికి ఉక్కు కర్మాగారాల ఊళ్లో నర్తకి కావాలని కలగన్న అమ్మాయి కథ చెబుతాడు. అది 1983 నాటి ‘ఫ్లాష్‌డాన్స్’ కథ అన్న సంగతి అతను చెప్పడు, అప్పటికి పుట్టని పిల్లలకు తెలియదు, ఐనా వాళ్ల రక్తం వేడెక్కుతుంది. చిత్రంలో వాన్ చేసిన ఉత్తమమైన ప్రసంగం ఇదే; పాత సరుకును కొత్త కొనుగోలుదారుకు అంటగట్టే విద్య దానిలో పూర్తిగా కనిపిస్తుంది.

ఇక హెల్ప్‌లైన్ ఘట్టం. నా దృష్టిలో చిత్రం మొత్తానికి ప్రాణం ఇక్కడుంది. వినియోగదారుల సందేహాలకు ఫోనులో సమాధానం చెప్పే పోటీ కోసం, చెవులకు ఎప్పుడూ హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎవరితోనూ మాట్లాడని ఒక ఉద్యోగి దగ్గర బిల్లీ రోజుల తరబడి పాఠాలు చెప్పించుకుంటాడు. మనిషితో మాట్లాడే నేర్పు తనకు ముందే ఉంది, సరుకు గురించిన జ్ఞానం కొత్తగా సంపాదించాడు. రెండూ కలిసినప్పుడు అతను నిజంగా మంచి ఉద్యోగి. పోటీ ముగిశాక జట్టుకు వచ్చిన మార్కులు సున్నా. కారణం, పరిశీలన కోసం కాల్స్ నమోదు చేయవలసిన పద్ధతిని అతను పాటించలేదు. సమాధానాలన్నీ సరైనవే కావచ్చు, లెక్కలోకి వచ్చినవి మాత్రం లేవు. కొత్త చోట మొదలుపెట్టిన నడివయసు మనిషి ఓడిపోయేది పెద్ద విషయాల దగ్గర కాదు, అక్కడివాళ్లందరికీ ఊపిరి తీసుకున్నంత సహజమై ఎవరూ నోరు విప్పి చెప్పని చిన్న పద్ధతి దగ్గర. ఏ కార్యాలయంలోనైనా నడివయసులో చేరినవారు ఈ దృశ్యాన్ని నవ్వకుండా చూస్తారు. బిల్లీ ఒక్క మాట వాదించకుండా వెళ్లిపోయి, పాత యజమాని పంచన మళ్లీ అమ్మకాల పనిలో చేరడానికి సిద్ధపడతాడు.

దీని తర్వాత ఏమి జరగాలి? ఆ పద్ధతిని అతను నేర్చుకోవాలి, లేదా ఆ పద్ధతే తప్పని ఎవరైనా గుర్తించాలి. చిత్రం రెండూ చేయలేదు. చివరి పోటీని అమ్మకాల పోటీగా మార్చేసింది. గూగుల్‌లో ప్రకటనలు ఇవ్వడానికి ఒక వ్యాపార సంస్థను ఒప్పించాలట. నిక్ వెళ్లి స్నేహితుణ్ని వెనక్కి తీసుకొస్తాడు, బిల్లీ ఒక పిజ్జా దుకాణం యజమానిని మాటలతో గెలుస్తాడు, జట్టు గెలుస్తుంది. అంటే కథ మొదట్లో వాళ్లకు ఏ పని వచ్చునో, కథ చివర్లోనూ ఆ పనే చేసి నెగ్గారు. వంట రానివాణ్ని వంట పోటీకి పంపి, ఆఖరి రోజున పోటీని వడ్డనకు మార్చి బహుమతి ఇచ్చినట్టుంది. ఇందులో వారి గెలుపు ఉందే తప్ప కొత్త జీవితం లేదు. ఆ పిజ్జా దుకాణదారు పాత్ర ఉన్నది కాసేపే అయినా, అతని సంకోచం మాత్రం అర్థవంతంగా రాశారు: పెద్దదైతే నా పిజ్జా నాదిగా ఉండదేమో అన్న భయం అతనిది. బిల్లీకి ఆ భయం తెలుసు, అందుకే అతని మాట చెల్లింది.

గూగుల్ పట్ల చిత్రం చూపిన భక్తి గురించి చెప్పకుండా ఉండలేను. ఉచిత భోజనం, పగటి నిద్రకు ప్రత్యేకమైన గదులు, జారుడు బల్లలు, రంగురంగుల సైకిళ్లు, కొత్తవారికి ఫ్యాను రెక్క బిగించిన టోపీలు అన్నీ చూపిస్తారు. సహ వ్యవస్థాపకుడు సెర్గే బ్రిన్ కూడా తెర మీద తళుక్కుమని మాయమవుతాడు. ఆవరణ దృశ్యాల్లో చాలా భాగాన్ని కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో ఉన్న గూగుల్ ప్రధాన కార్యాలయంలో కాక, అట్లాంటాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో తీశారు. తీసింది ఎక్కడైనా, చిత్రం మాత్రం ఆ సంస్థను విమర్శకు అందని పీఠం మీద కూర్చోబెట్టింది. హాస్య చిత్రానికి ఎదురుదెబ్బ కొట్టగల ప్రత్యర్థి కావాలి. గూగుల్ ఇక్కడ న్యాయమూర్తి, పరీక్షాధికారి, స్వర్గద్వారం అన్నీ తానే కనుక, ఆ దెబ్బ కొట్టే పని పాపం గ్రాహమ్ ఒక్కడి నెత్తిన పడింది.

వయసు విషయంలో చిత్రం చూపిన ఈ మెత్తదనం, ఆ తర్వాతి చరిత్ర వెలుగులో మరింత ఇబ్బందిగా కనిపిస్తుంది. 40 ఏళ్లు, ఆపైబడిన వారిని వయసు కారణంగా ఉద్యోగాల్లో వేరుగా చూడకూడదని అమెరికాలో 1967లోనే చట్టం వచ్చింది. నలభై దాటినందుకే తమను తీసుకోలేదని ఆరోపించిన 200 మందికి పైగా అభ్యర్థుల దావాలో గూగుల్ 2019లో 1.1 కోట్ల డాలర్లు చెల్లించి రాజీకి వచ్చింది. వివక్ష చూపామన్న ఆరోపణను మాత్రం అంగీకరించలేదు. హాస్య చిత్రం చట్టం గురించి పాఠం చెప్పాలని ఎవరూ కోరరు. కానీ ఇంటర్న్‌ల కార్యక్రమాన్ని నడిపే రోజర్ చెట్టి ఈ ఇద్దరినీ మొదటి రోజు నుంచే అనుమానంగా చూస్తుంటే, ఆ అనుమానంలో వారి వయసు వాటా ఎంత, చదువు వాటా ఎంత అన్న ప్రశ్న కథలోనే ఉంది. ఆసిఫ్ మాండ్వీ ఆ పాత్రను నవ్వు రాని ముఖంతో, ఒక్క కనుబొమ్మ కూడా అనవసరంగా కదపకుండా చేశాడు. తన ముందున్నవారు అతిగా మాట్లాడినప్పుడు ఆయన ఊరుకునే తీరే సమాధానం. ఇంత మంచి నటుడు చేతిలో ఉండి, ఆ ప్రశ్నను ఆయన నోట అనిపించకపోవడం వృథా.

మిగతా విషయాలు క్లుప్తంగా చెప్పవచ్చు. రోజ్ బర్న్ పోషించిన డేనా, పనిలో మునిగి జీవితం మరిచిన అధికారిణి. ఆమెకూ నిక్‌కూ మధ్య ప్రేమకథ లేకపోయినా కథకు లోటు ఉండేది కాదు, అయితే ఆమె తెర మీదున్నంతసేపు విల్సన్ కంఠం కాస్త నెమ్మదించి వినసొంపుగా ఉంటుంది. పరుపుల దుకాణంలో విల్ ఫెరెల్ కనిపించేది కొద్దిసేపే, అదీ ఎక్కువే. 2005లో ‘వెడ్డింగ్ క్రాషర్స్’లో ఈ జంటను చూసి ఇష్టపడినవారు అప్పటి పదును ఇక్కడ ఆశించకూడదు, అక్కడ వాళ్లు తుంటరులు, ఇక్కడ అందరికీ మంచి చేయాలని చూసే మామయ్యలు. సుమారు 5.8 కోట్ల డాలర్లతో తీసిన చిత్రం ప్రపంచమంతటా కలిపి సుమారు 9.3 కోట్ల డాలర్లు వసూలు చేసింది.

అమెరికా ధ్రువీకరణ ప్రకారం పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్త వహించవలసిన చిత్రం ఇది. ఆ జాగ్రత్త ముఖ్యంగా నైట్‌క్లబ్ ఘట్టానికి, కొన్ని ద్వంద్వార్థ సంభాషణలకు అవసరం. ఇంటిల్లిపాదీ కలిసి చూడదలిస్తే ఆ ఘట్టాన్ని దాటవేసినా కథ తెగదు. పూర్తిగా చూసే తీరిక లేనివారు లైబ్రరీలో జరిగే ఇంటర్వ్యూనూ హెల్ప్‌లైన్ పోటీనీ తప్పక చూడాలి. ఆ రెండింటి మధ్యలో ఈ చిత్రం ఏమి కాగలిగి ఉండేదో స్పష్టంగా కనిపిస్తుంది.